ఇంటావిడ సరే అంటేనే

తాళాలాయన ఆ రోజు ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. లాండ్రీకి వెళ్ళి, పెద్దాయనతో "నాకు వద్దండీ" అని చెప్పి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుకోవడం. దారిలో బాత్రూము తలుపుకి కొత్త గడియ కొనుక్కురమ్మని భార్య గుర్తుచేసింది. చూడబోతే రెండూ చిన్న పనులే.

మొదటిదాంట్లో మాత్రం ఒక చిక్కు ఉంది. తాళాలాయనకి పుట్టిన దగ్గర్నుంచీ "వద్దు" అనడం చేతకాదు. విందుల్లో మారు వడ్డిస్తే ఆయాసపడుతూ తింటాడు. గుమ్మంలోకి ఎవరు ఏది అమ్మవచ్చినా కొంటాడు. ఇద్దరే ఉండే ఆ ఇంట్లో ఏడు గొడుగులు ఉన్నాయంటే కారణం అదే. అందుచేత ఆయన స్నానం పేరు చెప్పి బాత్రూములో దూరి, గడియ వేసుకుని, అద్దంలో తన మొహం చూసుకుంటూ "వద్దండీ" అనడం సాధన చేయసాగాడు. మొదట మెల్లగా అన్నాడు. తరువాత గట్టిగా అన్నాడు. చివరికి కనుబొమలు ముడిచి కూడా అనగలిగాడు.

ఇక్కడ లాండ్రీ సంగతి కాస్త చెప్పాలి. పెద్ద వీధి చివర ఉందది. ముందు గదిలో బట్టలు ఉతుకుతారు. నిజంగానే ఉతుకుతారు, బాగానే ఉతుకుతారు. వెనక గదిలో మండలి కూర్చుంటుంది. ఊళ్ళో దొంగతనాలు చాలానే జరుగుతున్నా, ఒక పద్ధతిగా, మర్యాదగా జరిగేవన్నీ ఈ మండలివే. దాని పెద్దనే అందరూ పెద్దాయన అంటారు. ఇనప్పెట్టె తెరవవలసిన పని పడినప్పుడల్లా మండలివారు తాళాలాయనకి కబురు పెడతారు. ఆయన వెళతాడు, పెట్టెకి చెవి ఆనించి వింటాడు, తెరుస్తాడు, తన వాటా తీసుకుని ఇంటికి వస్తాడు. అదీ పగటిపూట మాత్రమే. ఆ పెట్టెల యజమానులు కూడా లోపలి సొమ్ము ఎలా వచ్చిందో పదిమందిలో చెప్పుకోలేని బాపతు కావడంతో, ఎవరూ పెద్దగా గోల చేసిన దాఖలాలు లేవు. ఇంట్లో మాత్రం ఆయన ఆఫీసుల్లో ఇనప్పెట్టెలు బాగుచేస్తానని చెప్పుకున్నాడు. బాగుచేయాలన్నా ముందు తెరవాలిగా అని ఆయన తనకి తాను సర్దిచెప్పుకునేవాడు.

ఇలా ఏళ్ళ తరబడి బయటివాడిగా హాయిగా బతుకుతున్న మనిషిని పెద్దాయన ఉన్నట్టుండి మండలి సభ్యుణ్ణి చేస్తానన్నాడు. వేరెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. తాళాలాయన గుండెల్లో రాయి పడింది. సభ్యుల బతుకు ఆయన దగ్గరనుంచి చూసినవాడు. పెద్దాయన శత్రువులంతా సభ్యుడికి శత్రువులే, వాళ్ళ మొహాలు ఎరగకపోయినా సరే. పెద్దాయన మేనల్లుడు బుర్ర తక్కువ పథకం వేస్తే బ్రహ్మాండంగా ఉందని తల ఊపాలి. ఊరు దాటాలంటే అడగాలి. ఎక్కడో ఒకడు దొరికిపోతే మిగిలినవాళ్ళంతా నిద్ర మానుకోవాలి. పోనీ మానేద్దామంటే, లోపలికి దారి ఉంది గాని బయటికి లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం సమావేశం ఒక ఎత్తు. రోజూ పొద్దు వాలే వేళకి సభ్యులందరూ వెనక గదిలో హాజరు కావాలి. మాట్లాడడానికి ఏమీ లేకపోయినా కూర్చోవాలి. రాకపోతే పెద్దాయన అనుమానించడం మొదలుపెడతాడు.

సరిగ్గా ఆ వేళకి తాళాలాయన తన మేడ మీద భార్యతో కూర్చుని టీ తాగుతాడు. పిట్టగోడ పక్కన రెండు పాత కుర్చీలుంటాయి. ఆవిడ మాట్లాడుతుంది, ఆయన వింటాడు. పెళ్ళయినప్పటినుంచీ అది తప్పిన రోజు లేదు. ఆయనకి లోకంలో అంతకంటే ఇష్టమైనది మరొకటి లేదు, దాన్ని వదులుకోవడం ఆయన వల్ల కాదు.

సాధన ముగించి, ధైర్యం కూడగట్టుకుని, గడియ తీయబోయాడు. అది కదల్లేదు. ఊళ్ళో ఆయన చెయ్యి పడితే తెరుచుకోని పెట్టె లేదు గాని, సొంత బాత్రూము గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పనిముట్ల సంచి వసారాలో ఉంది.

"ఏమోయ్, గడియ రావడం లేదు," అని కేకేశాడు.

"లోపలి గడియ లోపలివాళ్ళే తీసుకోవాలి. మీ పనేగా అది," అంది భార్య అవతలినుంచి. "ఎవరో వచ్చారు, కాసేపు ఆగండి."

వచ్చినవాడు కుడిచెయ్యి. పెద్దాయనకి కుడిచెయ్యి లాంటివాడని ఆ పేరు వచ్చింది గాని, అతను రాయడం, తినడం, కొట్టడం అన్నీ ఎడమచేత్తోనే చేస్తాడు. ఆ పూట ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. హాల్లో బావగారు పేపరు చదువుతున్నాడు. బావగారంటే తాళాలాయన భార్యకి అన్నగారు. తూనికల ఆఫీసులో పెద్ద గుమాస్తాగా ఈ మధ్యే రిటైరై, ఆఫీసు లేని రోజులు ఎలా గడపాలో తోచక, తెల్లారేసరికి చెల్లెలి ఇంట్లో వచ్చి వాలుతున్నాడు. చెల్లెలి మొగుడికి పర్మనెంటు ఉద్యోగం లేదన్నది ఆయనకి తీరని దిగులు.

"మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదే," అన్నాడు బావగారు.

"లాండ్రీ నుంచి వచ్చానండీ. తాళాలాయన్ని మాలో చేర్చుకోవాలని మా పెద్దాయన అనుకుంటున్నారు. ఇంటావిడతో ఒక మాట చెప్పి వెళదామని."

పేపరు మడతపెట్టిన చప్పుడు బాత్రూములోకి వినిపించింది.

"చేర్చుకోవడమంటే, పర్మనెంటుగానా?"

"చచ్చేదాకానండీ."

"రిటైర్మెంటు ఎన్నేళ్ళకి?"

"మా దగ్గర అలాంటిది లేదండీ. ఇంతవరకూ ఎవరూ రిటైరవలేదు."

"విన్నావుటే అమ్మాయ్," అన్నాడు బావగారు. "మరి ఒంట్లో బాగుండకపోతే?"

"మా డాక్టరు ఇంటికే వస్తాడండీ. దెబ్బ ఎలా తగిలిందని కూడా అడగడు."

"బదిలీలు?"

"మేం చెయ్యమండీ. ఒక్కోసారి ప్రభుత్వంవాళ్ళు పట్టుకెళతారు. వెళ్ళినన్నాళ్ళూ తిండీ బసా అన్నీ వాళ్ళే చూసుకుంటారు."

"డెప్యుటేషనన్నమాట," అన్నాడు బావగారు తృప్తిగా.

న్యాయంగా చెప్పాలంటే కుడిచెయ్యి ఒక్క అబద్ధమూ ఆడలేదు. తాళాలాయన ఇక ఆగలేక, తలుపు మీద రెండు చేతులతో బాదుతూ, జీవితంలో మొదటిసారి నోరారా "వద్దండీ" అని అరిచాడు. పొద్దున్నుంచీ చేసిన సాధన వృథా పోలేదు, మాట స్పష్టంగానే వచ్చింది.

"మొహమాటం," అన్నాడు బావగారు. "మా బావకి చిన్నప్పట్నుంచీ మొహమాటం ఎక్కువ. మీరేం అనుకోకండి."

"మా దగ్గర ఒక పద్ధతి ఉందమ్మా," అన్నాడు కుడిచెయ్యి తాళాలాయన భార్యతో. "కొత్త మనిషి చేరేటప్పుడు ఇంటావిడ మా భోజనాల బల్ల దగ్గర తన నోటితో సరే అనాలి. వెనకటికి ఒకావిడ, నన్నడక్కుండా మా ఆయన్ని ఎలా చేర్చుకున్నారని పెద్దాయన గుమ్మంలో కూర్చుని వీధి వీధంతా లేపింది. అప్పట్నుంచీ ఇది పెట్టారు. ఇంటావిడ ఏమడిగినా జవాబు చెప్పాలి. ఆవిడ అడగడం అయ్యేదాకా బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవకూడదు."

"ఎంతసేపు అడుగుతారేమిటి ఎవరైనా?"

"అడగరమ్మా. మమ్మల్ని చూసి భయపడి సరే అనేస్తారు."

"ఏమైనా అడగొచ్చా?"

"ఏమైనా అడగొచ్చు."

"అయితే వస్తాను," అంది ఆవిడ.

తాళాలాయన పళ్ళు తోముకునే బ్రష్షు పిడి విరిచి, దాని కొనతో గడియ సందులో కెలికి కెలికి బయటపడేసరికి కుడిచెయ్యి వెళ్ళిపోయాడు. బావగారు మిఠాయి పొట్లంతో ఇరుగూ పొరుగూ తిరుగుతున్నాడు. భార్య బీరువా ముందు నిలబడి మంచి బట్టలు తీస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ కూనిరాగం విని తాళాలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. అన్నగారి లాగే ఈవిడకీ పర్మనెంటు మీద అంత మోజుందా అనుకున్నాడు.

"ఇవాళ మధ్యాహ్నమే భోజనమట. తొందరగా తయారవండి."

"నువ్వు... ఏమంటావు అక్కడ?"

"వెళితే కదా తెలిసేది," అంది ఆవిడ పాట ఆపకుండా.

ఇక మిగిలింది ఒక్కటే దారి. భోజనానికి ముందే పెద్దాయన్ని కలిసి వదిలించుకోవాలి. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే లాండ్రీకి పరుగెత్తాడు.

పెద్దాయన ఆవిరి మధ్య, వేలాడుతున్న కోటుల వరస వెనక, ఎవరిదో కోటుకి ఊడిన బొత్తాం కుడుతున్నాడు. ఆయన గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ వినలేదు. అందుకే ఊరంతా ఆయన ముందు వంగి నిలబడుతుంది. నిజానికి అది వినబడకే.

"మధ్యాహ్నం దాకా కూడా ఆగలేకపోయావా," అన్నాడు పెద్దాయన ఆప్యాయంగా.

అద్దం ముందు పలికిన మాట ఆ మొహం ముందు పలకలేదు. "వ... వణుకుతున్నాయండీ. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి. మీకు పనికిరానేమోనని."

పెద్దాయన సూది పక్కన పెట్టాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇన్నేళ్ళలో నా ముందుకొచ్చి తన లోపం చెప్పినవాడు ఒక్కడు లేడు. అందరూ నేను పులినంటే నేను పులినని అనేవాళ్ళే. నిన్ను మామూలు సభ్యుడిగా తీసుకుంటే నాదే తప్పు. నా పక్కన కుర్చీ నీది."

తాళాలాయన తల పట్టుకోబోయి, బాగుండదని చేతులు కట్టుకున్నాడు. ఈసారి నిజమే చెబుదామనుకున్నాడు, కాని భార్యతో టీ తాగాలని చెప్పడానికి సిగ్గేసింది.

"సాయంత్రాలు నాకు కుదరదండీ. ఒకరి దగ్గర కూర్చోవాలి."

ఆవిరిలో కూడా పెద్దాయన మొహం చల్లబడింది. "ఎవరి దగ్గర?"

"చెప్పలేనండీ."

"ఎన్నాళ్ళుగా?"

"మీ దగ్గరికి రాకముందు నుంచేనండీ."

కోటుల వెనక ఇస్త్రీ చేస్తున్న మేనల్లుడు ఇస్త్రీ ఆపేశాడు. పెద్దాయనకి అంతా అర్థమైపోయింది. అంటే అర్థమైందనుకున్నాడు. ఊళ్ళో తనకి తెలియని మరో మండలి ఉంది. ఇన్నేళ్ళుగా తాళాలాయన రోజూ వాళ్ళ సమావేశానికి వెళుతున్నాడు. అయినా చెక్కుచెదరని మనిషి, వాళ్ళ పేరు బయటపెట్టడం లేదు.

"వాళ్ళెవరైనా సరే," అన్నాడు పెద్దాయన మెల్లగా, "వాళ్ళ కంటే పెద్ద పీట వేస్తాను. నా తరువాత ఈ మండలి నీది. ఇవాళ్టి నుంచి నువ్వు చిన్న పెద్దాయనవి. మధ్యాహ్నం మీ ఆవిడ సరే అనడమే తరువాయి."

సభ్యత్వం వద్దని చెప్పడానికి వెళ్ళినవాడు వారసుడై ఇంటిదారి పట్టాడు. కొత్త గడియ కొనడం కూడా మరిచిపోయాడు.

ఇంటి ముందు పోలీసు జీపు ఆగి ఉంది. తాళాలాయన పారిపోవడానికి రెండడుగులు వెనక్కి వేశాడు కూడా. ఇంతలో పక్కింటి ఇన్‌స్పెక్టరు జీపులోంచి తల బయటపెట్టి, నోట్లో మిఠాయి నములుతూ పలకరించాడు.

"శుభాకాంక్షలు మాస్టారూ. ఇన్నాళ్ళకి మీకో దారి దొరికింది. మంచి బట్టలతో నడిచి వెళ్ళడమేమిటి, రండి, దింపుతాను. అమ్మగారు అడిగారు కూడా."

వెనక సీట్లో భార్య కూర్చుని ఉంది. పక్కన బావగారు రిటైర్మెంటు రోజు వేసుకున్న కోటు వేసుకుని ఉన్నాడు. మింగలేక కక్కలేక తాళాలాయన ముందు సీట్లో, ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నాడు. అంత భయంలోనూ ఆయన నోటి వెంట "వద్దండీ" రాలేదు.

పెద్దాయన ఇంట్లో అందరూ వరండాలో నిలబడి చిన్న పెద్దాయన కోసం ఎదురు చూస్తున్నారు. మలుపు తిరిగి వచ్చింది పోలీసు జీపు. కన్ను మూసి తెరిచేలోగా వరండా ఖాళీ అయిపోయింది. మండలి డ్రైవరు కారు డిక్కీలో దూరి మూత వేసుకున్నాడు. గోడలు దూకడంలో పేరు పడ్డవాడు అలవాటు కొద్దీ గోడ దూకాడు గాని, అవతల నీళ్ళ తొట్టి ఉందన్న సంగతి మరిచిపోయాడు. కుడిచెయ్యి భోజనాల బల్ల కింద చేరాడు. పెద్దాయన ఒక్కడే కదలకుండా కుర్చీలో కూర్చున్నాడు. అది ధైర్యం కాదు, కాళ్ళు సహకరించలేదు.

"ఓహో, లాండ్రీవాళ్ళ ఇల్లా," అన్నాడు ఇన్‌స్పెక్టరు అందరినీ దింపి. "నా యూనిఫాం ఇక్కడే ఉతుకుతారు. కాలరు మరక పోలేదని కాస్త చెప్పండి." అని జీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పెద్దాయన నుదురు తుడుచుకుని తాళాలాయన వంక కొత్తగా చూశాడు. పోలీసు జీపులో, అదీ ముందు సీట్లో, ఇన్‌స్పెక్టరు చేత తోలించుకుని వచ్చిన దొంగని ఆయన ఇంతవరకూ చూడలేదు. ఆ రెండో మండలి చెయ్యి ఎంత పొడుగో ఆయనకి అప్పుడు తెలిసింది.

అందరూ ఒక్కొక్కరే బయటికి వచ్చి బల్ల చుట్టూ చేరారు. తొట్టిలో పడ్డవాడి కుర్చీ కింద మడుగు కట్టింది. పెద్దాయన భార్యని అందరూ పెద్దావిడ అంటారు. ఆవిడ మాట్లాడకుండా వడ్డిస్తోంది. భోజనం ముగిసే వేళకి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీ ఆయన్ని మాలో చేర్చుకుంటున్నాం. మీరు సరే అనాలి."

"రెండు మాటలు అడిగి అంటానండీ," అంది తాళాలాయన భార్య. "ఇంటికి ఎన్నింటికి పంపిస్తారు?"

పెద్దాయన ఎడమ పక్కకి చూశాడు, కుడి పక్కకి చూశాడు. ఇంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. "పనిని బట్టి ఉంటుందమ్మా."

"ఈ బాబు చెబుతాడులెండి," అంటూ ఆవిడ డ్రైవరు వైపు తిరిగింది. "నిన్న రాత్రి ఇంట్లో భోంచేశావా నాయనా?"

"లేదండీ."

"మొన్న?"

డ్రైవరు ఎంగిలి చెయ్యి పళ్ళెంలో అలాగే పెట్టి తల వంచుకున్నాడు. "మా చిన్నమ్మాయి నన్ను అంకుల్ అంటోందండీ."

ఆవిడ తీరిగ్గా తొట్టిలో పడ్డవాణ్ణి నడుము నొప్పి గురించి అడిగింది. కుడిచెయ్యిని పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగింది. సమావేశం మధ్యలో లేచి వెళితే పెద్దాయన అనుమానిస్తాడని, పెళ్ళిచూపులు మూడుసార్లు తప్పిపోయాయని అతను చెప్పాడు. సమావేశంలో ఏం మాట్లాడుకుంటారని అడిగితే ఎవరికీ గుర్తు రాలేదు. చేతులు ఎండిపోతున్నాయి. కడుక్కుందామంటే లేవకూడదు. ఆవిడ అడగడం ఇంకా అవలేదు. బావగారు మాత్రం చెల్లెలి తెలివితేటలకి మురిసిపోతూ, ఇంటర్వ్యూ అంటే ఇలా ఉండాలని పక్కవాడితో అన్నాడు.

పెద్దాయన ఇక లాభం లేదని తన దగ్గరున్న ఆఖరి అస్త్రం తీశాడు.

"అమ్మా, ఒక్కటి నేనడుగుతా. మీ ఆయన రోజూ సాయంత్రం ఎవరి దగ్గరో కూర్చుంటాడట. ఏళ్ళ తరబడి. పేరు చెప్పమంటే చెప్పడు. మీకు తెలుసా?"

పక్కవాడితో బావగారి మాట మధ్యలోనే ఆగిపోయింది. తాళాలాయన పళ్ళెంలోకి చూపు దించుకున్నాడు. భార్య ఆయన వైపు ఒకసారి చూసి, నవ్వింది.

"తెలుసండీ. నా దగ్గరే. మేడ మీద టీ తాగుతాం."

పెద్దాయన నమ్మలేదు. "రోజూనా?"

"రోజూ."

"ఏం మాట్లాడుకుంటారు?"

"ఏముంటాయండీ. ఎదురింటి పిల్లి గోడెక్కుతుంది. అది ఎలా దిగుతుందా అని చూస్తాం."

"ఎలా దిగుతుంది?" అన్నాడు పెద్దాయన.

"చూస్తూ ఉండగానే చీకటి పడిపోతుందండీ. ఇంతవరకూ చూడలేదు."

పెద్దావిడ చేతిలో గరిటె బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుకి అందరూ ఉలిక్కిపడ్డారు.

"మన ఇంటికీ మేడ ఉంది," అంది పెద్దాయనతో. "మీకు తెలుసా?"

"నేనేగా కట్టించింది."

"ఎప్పుడైనా ఎక్కారా?"

ఊరంతటినీ తన ముందు వంచిన పెద్దాయన భార్య చూపు తప్పించుకుని, తాళాలాయన భార్య వైపు తిరిగి, "అమ్మా, మీరు సరే అంటారా, అనరా?" అన్నాడు నీరసంగా.

"అనకేమండీ. ఇంకా అడగడం కాలేదు. ఇవాళ కాకపోతే రేపు కూడా వస్తాను. ఇన్‌స్పెక్టరు గారు రోజూ దింపుతానన్నారు."

"వద్దు తల్లీ," అన్నాడు పెద్దాయన. ఆ మాట ఎంత చక్కగా, ఎంత తేలిగ్గా పలకవచ్చో తాళాలాయన అప్పుడు కళ్ళారా చూశాడు. "మీ ఆయన్ని బయటే ఉండనివ్వండి. ఎప్పటిలాగే ఉండనివ్వండి. మమ్మల్ని లేవనివ్వండి."

"అయితే నేనూ బయటే ఉంటానండీ," అన్నాడు డ్రైవరు. "పిలిస్తే వస్తాను, బండి తోలతాను, చీకటి పడేలోగా ఇంటికి పోతాను."

"నేనూ అంతే," అన్నాడు తొట్టిలో పడ్డవాడు. కుడిచెయ్యి ఎడమచెయ్యి ఎత్తాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ మేనల్లుడు కొట్టాడు. "మావయ్యా, నాకు ఈ పని మొదట్నుంచీ ఇష్టం లేదు. నాకు ఇస్త్రీ ఇష్టం."

"మండలిలోంచి బయటికి దారి లేదని మీకు తెలియదూ?" అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

"లేకపోతే తాళాలాయన ఇక్కడే ఉన్నాడుగా, తెరవమనండి," అంది పెద్దావిడ. "ముందు మీరు పదండి."

"నేను కూడా బయటికొస్తే లోపల ఎవరుంటారే? ఎవరో ఒకరు ఉండాలిగా. ఇది మా నాన్న పెట్టిన మండలి."

అప్పుడు బల్ల చివరినుంచి బావగారు లేచి నిలబడ్డాడు. కోటు సర్దుకున్నాడు. కళ్ళలో కొత్త వెలుగు.

"నేనుంటానండీ. రోజూ సమావేశానికి వస్తాను. రిటైర్మెంటు లేదన్నారు కదా?"

పద్ధతి పద్ధతే కాబట్టి బావగారి భార్యకి ఫోను చేశారు. రోజూ సాయంత్రాలు ఆయన ఇంట్లో ఉండరని చెబితే, ఆవిడ ఏమీ అడగలేదు. మూడుసార్లు సరే అంది.

పొద్దు వాలింది. మేడ మీద టీ పొగలు కక్కుతోంది. ఎదురింటి పిల్లి అప్పటికే గోడ ఎక్కి కూర్చుంది. తాళాలాయన గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"పెళ్ళయిన కొత్తలోనే. మా అన్నయ్య రోజూ ఆఫీసుకెళ్ళేవాడు, ఒక్కనాడూ నవ్వుతూ ఇంటికి వచ్చేవాడు కాదు. మీరు భయపడుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చేవారు. ఇది ఉద్యోగం కాదని అప్పుడే అనుకున్నా."

"మరి పొద్దున ఆ కూనిరాగమూ, ఆ జీపూ?"

"మీకు వద్దనడం రాదు. ఎవరో ఒకరు రావాలిగా మీ వెంట." ఆవిడ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. "ఇన్నేళ్ళ సాయంత్రాలు వాళ్ళకి ఇచ్చేస్తాననుకున్నారా?"

సంతోషం అంత దగ్గరగా వచ్చి కూర్చుంటే తాళాలాయన ఊరికే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆ హడావుడిలో పిల్లి గోడ ఎలా దిగిందో ఇద్దరూ చూడలేదు.

చీకటి పడకుండా దొంగతనాలు చేయడం అంత తేలిక కాదు. అందుచేత బయటివాళ్ళంతా మెల్లగా ముందు గదిలో పనికి కుదురుకున్నారు, లాండ్రీ రెండు వీధులకి విస్తరించింది, ఇన్‌స్పెక్టరు గారి కాలరు మరక పోయింది. పెద్దాయన సాయంత్రం కాగానే మేడ ఎక్కుతున్నాడు. వెనక గదిలో మాత్రం బావగారు కోటు వేసుకుని రోజూ ఒక్కడే సమావేశం జరుపుతున్నాడు. అది దేనికి పెట్టిన మండలో ఆయనకి ఇప్పటికీ తెలియదు గాని, హాజరు మాత్రం నూటికి నూరు.